ఆగమన్న మాట

పోయిన వారం మేస్త్రమ్మను పొగగొట్టం మొదట్లో నిలబెట్టి మనం మన పనుల మీద వెళ్లిపోయాం. పాపం, ఆవిడ ఇంకా అక్కడే ఉంది. అరచెయ్యి ఇటుకల మీద ఆనించి, కళ్లు మూసుకుని, పైవాడి మాట కోసం కాచుకుని ఉంది. వెనక మరిది చిన్నమేస్త్రి, చేతిలో ఇంకా వెలిగించని కాగడా. అతని వెనక పనివాళ్లు. దూరంగా బడి గోడ నీడలో, పొద్దున్నే ఇళ్లు ఖాళీ చేసి వచ్చి కూర్చున్న వీధి జనం.

ఇవాళే మన మధ్యకి వచ్చినవాళ్ల కోసం రెండు ముక్కలు. మూతపడ్డ మిల్లుల పొగగొట్టాలు పడగొట్టడం వీళ్ల వృత్తి. మందుగుండు వాడరు. గొట్టం ఎటు పడాలో అటువైపు మొదట్లో ఇటుకలు తొలిచి, ఆ ఖాళీలో దుంగలు నిలబెడతారు. దుంగల చుట్టూ కట్టెలు పేర్చి అంటిస్తారు. దుంగలు కాలిపోగానే గొట్టం ఆ వైపుకి వాలి నేల మీద పడుకుంటుంది. ఇది పడాల్సింది మిల్లు ఆవరణలోకి. సరిగ్గా దాని వీపు వైపు, ఒక ప్రహరీ, ఒక సందు దాటితే వరసగా ఇళ్లు. ఒకసారి నిప్పు పెట్టాక ఇక వెనక్కి తీసుకునేది ఉండదు. అందుకే పెద్దమేస్త్రి, అంటే మేస్త్రమ్మ మొగుడు, బతికున్న రోజుల్లో నిప్పుకు ముందు ఇటుక మీద చెయ్యేసి దేవుడి మాట కోసం ఆగేవాడు. ‘మాట వచ్చింది, అంటించండి’ అనేవాడు. ఆయన ఊపిరితిత్తుల జబ్బుతో పోయాక పనివాళ్లూ, పనిముట్లూ, ఆ అలవాటూ కలిసి ఆవిడ చేతికి వచ్చాయి.

ఇవాళ కూడా మాట వచ్చింది. కాకపోతే ఆ మాట ‘ఆగు’.

అంతే. ఎందుకు ఆగాలో, ఎంతసేపు ఆగాలో, ఆగి ఏం చెయ్యాలో ఏమీ లేదు. గుండెకు కాస్త కింద, ఆకలి తెలిసే చోట, ఆ ఒక్క మాటా వచ్చి కూర్చుంది. మేస్త్రమ్మ మళ్లీ అడిగింది. మనసులోనే, కాస్త బతిమాలుతూ, కాస్త విసుక్కుంటూ అడిగింది. ‘తండ్రీ, ఇంతమంది చూస్తున్నారు. అన్నీ సిద్ధం చేసుకున్నాకనా నువ్వు చెప్పడం? పొద్దున చెబితే ఏం పోయింది?’ జవాబు రాలేదు. ‘ఆగు’ మాత్రం పిలవకుండా వచ్చిన చుట్టంలా అలాగే కూర్చుని ఉంది.

కళ్లు తెరిచి, గొంతు సవరించుకుని, “ఆగండి. ఇప్పుడు అంటించొద్దు,” అంది.

“ఆగడమేంటి వదినా?” అన్నాడు చిన్నమేస్త్రి.

“ఆగమని మాట వచ్చింది చిన్నా.”

ఇన్నేళ్లలో అలాంటి మాట ఎప్పుడూ రాలేదు. పెద్దమేస్త్రి రోజుల్లో కాస్త ఆలస్యమైనా ‘అంటించండి’ అనే వచ్చేది. పనివాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. జనాన్ని హెచ్చరించడానికి ఈల ఊదే పనివాణ్ణి అందరూ ఈలాయన అంటారు. అతను నోట్లోంచి ఈల తీసి జేబులో వేసుకున్నాడు.

మునిసిపాలిటీ ఆఫీసరు గొడుగు పట్టుకుని దగ్గరికొచ్చాడు. మంచివాడే, కాకపోతే ఎండ ఎక్కువగా ఉంది.

“ఏమన్నా తేడా కనిపించిందా అమ్మా?”

“లేదండీ.”

“మరి?”

“కాసేపు ఆగాలండీ.”

“కాసేపంటే?”

ఆఫీసరు బడి గోడ వైపు చూశాడు. అక్కడ చంటిపిల్లలు రాగాలు తీస్తున్నారు, పెద్దవాళ్లు కొంగులతో విసురుకుంటున్నారు.

“నిప్పు పెట్టనంతవరకు ఇది కదలదని పొద్దున మీరే అన్నారు కదా?”

“అన్నానండీ. దుంగలు గట్టివే.”

“అయితే వాళ్లని ఇళ్లకెళ్లి భోజనాలు చేసి రమ్మంటాను. మీరు తేల్చుకున్నాక మళ్లీ ఈల ఊదించండి, వచ్చేస్తారు.”

వద్దనడానికి మేస్త్రమ్మ దగ్గర కారణం లేదు. కారణం లేని మాట ఇప్పటికే ఒకటి అనేసింది, వెంటనే రెండోది అనడానికి మొహం చెల్లలేదు. సరేనన్నట్టు తలాడించింది.

జనం బిలబిలమంటూ ఆవరణ అంచునుంచే ఇళ్లకు బయల్దేరారు. చివరింట్లో బట్టలు కుట్టుకుని బతికే ముసలావిడ మాత్రం దారి మళ్లించుకుని మరీ మేస్త్రమ్మ దగ్గరికి వచ్చింది.

“ఏమే, దేవుడు ఆగమన్నాడటగా?”

“అవును పెద్దమ్మా.”

“ఎందుకూ అని అడగలేదూ?”

“అడిగాను. చెప్పలేదు.”

“మా ఆయనా అంతే. ప్రతి పనికీ అడ్డం పడేవాడు, ఎందుకో చెప్పేవాడు కాదు. పోయేదాకా చెప్పలేదు మహానుభావుడు.” ముసలావిడ బోసినోటితో నవ్వింది. “సరేలే, నేను పోయి పొయ్యి వెలిగిస్తాను. నా కుట్టుమిషను మీద ఒక్క పెచ్చు పడిందా, నీ అంతు చూస్తాను.”

“గీత కూడా పడదు పెద్దమ్మా.”

ప్రతి ఊళ్లోనూ ప్రతి ఇంటావిడకూ చెప్పే మాటే అది. ఇవాళ మాత్రం ఆ మాట అనేసి పనిలోకి తిరగలేదు. ముసలావిడ సందులోకి తిరిగేదాకా చూస్తూ నిలబడింది.

చిన్నమేస్త్రి వదినను మిల్లు కాటా గదిలోకి రమ్మని తలుపు దగ్గరికి వేశాడు. లోపల పాత తూకం బల్ల, విరిగిన కుర్చీ, వీళ్లు తెచ్చుకున్న టీ ఫ్లాస్కు. అతను కూర్చోలేదు.

“పనివాళ్ల ముందు అడగలేదు వదినా. ఇప్పుడు చెప్పు. ఎక్కడెక్కడ తొలవాలో నేను గీసిన కోతలో తప్పేముంది?”

“తప్పుందని నేనన్నానా?”

“వేరే అనాలా? కోత మొత్తం నేను గీసింది ఇదే మొదటిసారి. సరిగ్గా నేను గీసిన గొట్టానికే దేవుడికి అనుమానం వచ్చిందా? బయట వాళ్లు ఏమనుకుంటున్నారో తెలుసా?”

“చిన్నా, పొద్దున నీతోపాటు నేనూ చుట్టూ తిరిగాను. గోడంతా సుత్తితో తట్టాం. ఎక్కడా బోలు మోత రాలేదు. దుంగలు నేనే ఊపి చూశాను. నీ గీత మీ అన్నయ్య గీతలాగే ఉంది. నాకే తప్పూ కనపడలేదు.”

“అయితే అంటిద్దాం.”

“అది నా చేతుల్లో లేదు.”

చిన్నమేస్త్రికి అరికాలి మంట నెత్తికెక్కింది. “మధ్యాహ్నం దాటితే గాలి లేస్తుందని నిన్న చెప్పిందెవరు? నువ్వే కదా? సగం తొలిచిన గొట్టాన్ని గాలికి వదిలేస్తామా? దుంగలు బరువుని మోస్తాయి గానీ పక్కనుంచి తోస్తే ఆపుతాయా? అంటిస్తే భయం, అంటించకపోతే అంతకన్నా భయం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అన్నయ్య ఉంటే ఇలా కూర్చునేవాడా?”

“ఆగమని మాట వస్తే మీ అన్నయ్య కూడా ఆగేవాడు.”

ఆ మాటకి అతను నవ్వబోయాడు గానీ, నవ్వు రాలేదు. విరిగిన కుర్చీని గోడకి ఆనించి, దాని మీద కూర్చున్నాడు.

“అన్నయ్యకి ఏ మాటా రాలేదు వదినా.”

“ఏమన్నావు?”

“ఎప్పుడూ రాలేదు. ఒక్కసారి కూడా. అన్నయ్య కళ్లు పూర్తిగా మూసేవాడు కాదు. రెప్పల సందులోంచి దూరంగా ఇళ్ల పొగ ఎటు వాలుతోందో చూసేవాడు. పొగ నిట్టనిలువుగా లేచేదాకా ఆగి, అప్పుడు ‘మాట వచ్చింది’ అనేవాడు. ఆస్పత్రిలో నాకు చెప్పాడు. ‘గాలి చూసి చెబితే ప్రతివాడూ వాదనకి దిగుతాడురా. దేవుడు చెప్పాడంటే ఎవడూ నోరెత్తడు. నిప్పు దగ్గర అందరూ ఒక్క మాట మీద ఉండాలి’ అన్నాడు. నీకు చెప్పొద్దన్నాడు.”

మేస్త్రమ్మ తూకం బల్ల అంచు పట్టుకుని దాని మీదే కూలబడింది. ఎన్ని ఊళ్లలో, ఎన్ని గొట్టాల కింద, ఆయన మూసిన కళ్లను చూసి తనూ చేతులు జోడించింది! ఆ మొహంలో కనిపించిన నిబ్బరాన్ని చూసే తను ప్రార్థన నేర్చుకుంది. కోపం వచ్చింది. ఆ కోపం వెనకే సిగ్గు వచ్చింది, ఇన్నాళ్లూ ఈ పిల్లవాడు తనను చూసి లోలోపల నవ్వుకున్నాడేమో అని. పోయినవాడి మీద కోపాన్ని ఎక్కడ దించుకోవాలో ఆమెకు తెలియలేదు.

“నువ్వైనా ముందే చెప్పాల్సింది,” అంది చివరికి.

“ఎలా చెప్పను? నువ్వు చెయ్యేసి నిలబడ్డ ప్రతిసారీ గాలి నేను చూసుకునేవాణ్ణి. నీకు మాట వచ్చే వేళకి గాలి కూడా సరిగ్గానే ఉండేది. ఇక గొడవెందుకని ఊరుకున్నాను.”

“నేను కళ్లు పూర్తిగానే మూస్తాను చిన్నా.”

“తెలుసు.”

“మరి ఎలా సరిపోయేది?”

“అది నాకూ తెలీదు,” అన్నాడతను, కాస్త తగ్గి. వెంటనే సర్దుకున్నాడు. “అయినా ఇవాళ్టిది వేరు. ఇవాళ గాలి లేదు, పొగ నిలువుగా లేస్తోంది, అన్నయ్య అయితే ఈపాటికి అంటించేసేవాడు. నీకు వచ్చింది మాట కాదు వదినా, భయం. అన్నయ్య లేకుండా ఇంత ఎత్తుది మనం పడగొట్టలేదు.”

మేస్త్రమ్మ ఆ మాటను తోసిపుచ్చలేదు. నిజంగానే భయమేమో! భయం ఆమెకు కొత్తేమీ కాదు, దాని నడక తెలుసు. భయం వచ్చినప్పుడల్లా కారణాలు మూటగట్టుకుని వచ్చేది. దుంగ పగిలితే, వాన వస్తే, మనిషి అడ్డొస్తే అంటూ రాత్రంతా చెవిలో జోరీగలా పోరేది. ఇవాళ్టి మాట దగ్గర అలాంటి మూటేమీ లేదు. ఒట్టి చేతులతో వచ్చింది. అందువల్ల అది దేవుడిదేనని రుజువు చెయ్యగలదా అంటే చెయ్యలేదు. తన మనసుకే రుజువు చెయ్యలేని దాన్ని మరిదికి ఎలా చూపిస్తుంది?

“మీ అన్నయ్యకి రాలేదేమో. నాకు వచ్చింది,” అంది.

“వదినా, నీకు దణ్ణం పెడతాను. నేను ఈలాయన్ని పంపి జనాన్ని బయటికి రప్పిస్తాను. గాలి లేవకముందే అంటిస్తాను. ఏదన్నా అయితే నా తల మీద వేసుకుంటాను. నువ్వు ఇక్కడే కూర్చో, టీ తాగు.”

అతను తలుపు తోసుకుని వెళ్లాడు. మేస్త్రమ్మ టీ తాగలేదు. పక్క తలుపులోంచి బయటికి వచ్చి, మరిది పనివాళ్ల దగ్గరికి చేరేలోపు పొగగొట్టం దగ్గరికి చేరింది. తొలిచిన ఖాళీ ముందు, కిరసనాయిలు వాసన కొడుతున్న కట్టెల మీద, రెండు దుంగల మధ్య వీపు ఆనించి కూర్చుంది.

చిన్నమేస్త్రి పరుగున వచ్చాడు. “లే వదినా.”

“లేవను.”

“నేను మొండివాణ్ణి, తెలుసుగా?”

“నిన్ను పెంచింది ఎవరనుకున్నావు?”

పనివాళ్లలో ఒకడు నవ్వి, నాలిక్కరుచుకున్నాడు. చిన్నమేస్త్రి వదిన ముందు గొంతుక్కూర్చున్నాడు. అతని మొహం దగ్గరగా చూస్తే, కోపం కన్నా బెదురే ఎక్కువ ఉంది.

“నీ మాట తప్పైతే?” అన్నాడు గొంతు తగ్గించి. “ఈలోగా గాలి వచ్చి తోసేస్తే? నువ్వు దీని కిందే ఉన్నావు.”

“తెలీదు చిన్నా.”

“తెలీకుండా ఎలా కూర్చుంటావు?”

“నాకు తెలిసింది ఆ ఒక్క మాటే. నువ్వు చెప్పినదాంతో మిగతావన్నీ పోయాయి. దీన్ని కూడా వదిలేస్తే ఇక నా దగ్గర ఏమీ ఉండదు.” ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. “నాకూ భయంగానే ఉందిరా. భయం లేదని నేను అనలేదే!”

పై గాలి అప్పుడే గొట్టం మూతి మీదుగా దాటింది. లోపల ఖాళీలో చిన్న మూలుగు లేచింది. ఆ వెంటనే గొట్టం వెనక వైపునుంచి ‘టప్’ మని పలచటి మోత వినిపించింది.

ఆ మోత ఏమిటో అక్కడ అందరికీ తెలుసు. తొలవడం మొదలెట్టే ముందు గోడ చుట్టూ అక్కడక్కడా సన్నటి గాజుపలకలు సున్నంతో అతికిస్తారు. ఇటుక వెంట్రుకవాసి కదిలినా గాజు పగులుతుంది. తొలిచిన వైపు పగిలితే ఎవరూ పట్టించుకోరు. వెనకవైపు గాజు మాత్రం గొట్టం పడేదాకా పగలకూడదు.

ఇద్దరూ చుట్టూ పరిగెత్తారు. గాజుపలక నడిమికి రెండు ముక్కలై ఉంది. వాళ్లు చూస్తూండగానే దాని చుట్టూ ఉన్న గచ్చు ఉబ్బి, పెద్ద పెచ్చుగా ఊడి కింద పడింది. దాని కింద ఇటుకల వరస మిగతా గోడలాగా లేదు. పైన గుండ్రంగా వంపు తిరిగి, కింద నిలువు అంచులతో, మనిషి వంగి దూరేంత కమాను ఆకారం బయటపడింది. ఎప్పుడో మిల్లు పొయ్యి పొగ గొట్టంలోకి వచ్చేందుకు పెట్టిన రెండో నోరు. అవసరం తీరాక ఎవరో పలచగా ఇటుకలు పేర్చి, గచ్చు పూసి మూసేశారు. ఇప్పుడా ఇటుకల సందుల్లోంచి నల్లటి మసి పిండిలా జారుతోంది.

“మసి!” అన్నాడు చిన్నమేస్త్రి. “లోపలంతా మసి దట్టించుకుపోయింది వదినా. అందుకే సుత్తితో తడితే గట్టిగా మోగింది. నేను గోడనుకున్నాను.”

“నేనూ అనుకున్నాను.”

వెనకవైపు గట్టి గోడ ఉందన్న నమ్మకంతోనే ముందువైపు తొలిచారు. వెనక ఉన్నది బోలు. పొద్దున నిప్పు పెట్టి ఉంటే, దుంగలు కాలేకొద్దీ బరువంతా ఈ కమాను మీదికి వచ్చి, గొట్టం ఆవరణలోకి వాలకుండా వెనక్కి, ఇళ్ల మీదికి కూర్చునేది. చిన్నమేస్త్రి వదిన మొహంలోకి చూశాడు. మేస్త్రమ్మకు గెలిచానన్న సంతోషం ఏ కోశానా కలగలేదు. పొద్దున ఆ ఇళ్లు ఖాళీగా ఉన్నాయి. పడితే ఇటుకలు, పెంకులు పోయేవి. ఇప్పుడు ప్రహరీకి అవతల ప్రతి ఇంట్లోంచీ గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. ఆగమన్న మాట విని ఆగింది. ఆగినందువల్లే వాళ్లందరూ లోపల ఉన్నారు.

“ఈలాయనా! ఊదు! ఆపకుండా ఊదు!” అని అరిచింది. “ఆఫీసరుగారితో చెప్పి ప్రతి ఇంటి తలుపూ కొట్టించు. దీనికి దేవుణ్ణి అడగక్కర్లేదు, పరిగెత్తు!”

ఈల మోగింది. సందులోంచి ఎవరిదో విసుగు గొంతు ప్రహరీ దాటి వచ్చింది. “ఇప్పుడేగా వెళ్లమన్నారు? తినేవాళ్లని తిననివ్వరా? వస్తాం, వస్తాం!” ఒక తలుపు తెరుచుకుంది. మిగతావి తెరుచుకోలేదు.

గొట్టం లోపల గాలి మళ్లీ మూలిగింది. ఇంకో పలక పగిలింది.

చిన్నమేస్త్రి పొట్టి దుంగ ఒకటి భుజాన వేసుకుని పరిగెత్తుకొచ్చాడు. వెనకే ఇద్దరు పనివాళ్లు మరో రెండు మోసుకొచ్చారు.

“ఈ ఇటుకలు లాగేసి, కమాను కింద ఇవి బిగిస్తే జనం బయటికొచ్చేదాకా నిలబడచ్చు. నేను దూరతాను. కానీ...” అతను కమాను వైపు చూశాడు. “ఈ మసి, ఈ ఇటుకలే ఇప్పుడు దాన్ని మోస్తున్నాయేమో. నేను ముట్టుకుంటే నిలుస్తుందో, ముట్టుకుంటేనే కూలుతుందో చెప్పలేను. ముట్టుకోకుండా వదిలేస్తే జనం వచ్చేదాకా ఆగుతుందో లేదో అదీ చెప్పలేను. అడుగు వదినా. నువ్వు ఏది చెబితే అది చేస్తాను.”

ఇందాక కాటా గదిలో నవ్వబోయిన మనిషేనా ఇతను! పనివాళ్లు కూడా నిలబడిపోయారు. మేస్త్రమ్మ అరచెయ్యిని కమాను పక్క ఇటుకల మీద ఆనించింది. కళ్లు గట్టిగా మూసుకుంది. ‘తండ్రీ, నువ్వు ఆగమన్నావు, ఆగాను. ఇప్పుడు పిల్లవాడు లోపలికి దూరనా అని అడుగుతున్నాడు. చెప్పు.’

ఏ మాటా రాలేదు. గుండె కింద పొద్దుటి నుంచి కూర్చున్న ‘ఆగు’ కూడా ఇప్పుడు లేదు. అక్కడ ఏమీ లేదు. చేతి కింద ఇటుక సన్నగా అదురుతోంది, అంతే.

ఇంకొంచెం ఆగింది. ఇంకొంచెం. అప్పుడు పెద్దమేస్త్రి ఆమెకు అర్థమయ్యాడు. ఇలాంటి క్షణంలో నలుగురూ తన నోటికేసి చూస్తూంటే, ‘నాకేమీ వినపడలేదు’ అని చెప్పడం ఎంత కష్టమో అర్థమైంది. ఒక్క అబద్ధం చెబితే చాలు. వాళ్ల చేతులు వణక్కుండా పని చేస్తాయి. ఒక్క నిజం చెబితే, ఇప్పుడిప్పుడే నమ్మిన ఈ పిల్లవాడు దుంగ పట్టుకుని ఎటూ తేల్చుకోలేక నిలబడిపోతాడు. ఆ అబద్ధమే అతణ్ణి ఆ కమాను కిందికి తోసి చంపచ్చు కూడా.

“ఏమన్నాడు వదినా?” అన్నాడు చిన్నమేస్త్రి. “త్వరగా చెప్పు.”

మేస్త్రమ్మ కళ్లు తెరిచి, మరిది మొహంలోకి చూస్తూ నోరు విప్పింది. ఆ మాటేమిటో వినడానికి మనం వచ్చే వారం దాకా ఆగాల్సిందే.